మాజీ మొగుడు చూసిన సంబంధం

ముప్ఫై మూడేళ్ళు నేను చేసిన ఉద్యోగం ఏమిటంటే, ఎవరికీ అక్కర్లేని కాగితాలు తీసుకెళ్ళి వాళ్ళ చేతుల్లో పెట్టి, పుచ్చుకున్నట్టు సంతకం తీసుకోవడం. ప్రాసెస్ సర్వరు అంటారు. పల్లెల్లో జనం కోర్టు బంట్రోతు అనేవారు. కోపం వస్తే ఇంకేవో అనేవారు. ఈ మధ్య కోర్టుల్లో కొత్తగా చేరిన కుర్రాళ్ళు ఇద్దరు ముగ్గురు మా వీధిలోనే అద్దెకి ఉంటున్నారు. సాయంత్రాలు వచ్చి కూర్చుని, మీ రోజుల్లో ఎలా ఉండేది సార్ అని అడుగుతారు. ఎలా ఉండేదంటే, సైకిలు ఉండేది. సైకిలు పోని చోట కాళ్ళు ఉండేవి. కుక్కలు మాత్రం అన్ని చోట్లా ఉండేవి.

వాళ్ళకి చెప్పదగ్గ ఘనకార్యాలు నా దగ్గర లేవు. ఒక తెలివితక్కువ పని మాత్రం ఉంది. అరవైల చివర్లో సంగతి. ఏ ఊరి కోర్టో చెప్పను, శ్రీకాకుళానికీ విజయనగరానికీ మధ్య ఎక్కడో అనుకోండి. మనుషుల పేర్లూ చెప్పను. వాళ్ళ తాలూకు జనం ఇప్పటికీ నాకు బస్సుల్లో ఎదురవుతుంటారు.

చీపురుపల్లి వైపు పల్లెలో ఒక రైతు ఉండేవాడు. మూడెకరాల పల్లం, కొంత మెట్ట. పెళ్ళాంతో పదకొండేళ్ళు కాపురం చేశాడు, పిల్లల్లేరు. ఆవిడ తండ్రి పోతే పుట్టింటికి బయల్దేరింది. వెళ్తూ వెళ్తూ, "నీకు బువ్వకి ఇబ్బందవుతాదేమో" అందట. "నువ్వు నేకపోతే నాకు బువ్వే దొరకదేటి?" అన్నాడట ఈయన. ఆ మాట ఆవిడకి గుచ్చుకుంది. దినవారాలు అయిపోయాయి. పుట్టింటికెళ్ళిన ఆడదాన్ని తీసుకెళ్ళడానికి అత్తింటి నుంచి మనిషి రావాలి, అది ఆ ఇళ్ళలో పద్ధతి. "ఎల్లింది తను, రావాల్సిందీ తనే" అని ఈయన ఇక్కడ కూర్చున్నాడు. "మనిసొస్తే ఎల్తాను" అని ఆవిడ అక్కడ కూర్చుంది. రెండు ఊళ్ళకీ మధ్య రెండు గంటల నడక.

ఏడాది అయ్యాక ఈయనకి ఎవడో పుణ్యాత్ముడు సలహా చెప్పాడు. పెళ్ళాం కాపురానికి రాకపోతే కోర్టువారే రమ్మని చెప్తారు, నువ్వు వెళ్ళి పిలవక్కర్లేదు అని. రెండు గంటలు నడవడం చిన్నతనమనిపించిన మనిషి ఏడాదిపాటు కోర్టు చుట్టూ తిరిగాడు. కాపురానికి రమ్మని ఆవిడకి పంపిన సమన్లు తీసుకెళ్ళింది నేనే.

ఆవిడ వాకిట్లో చోళ్ళు చెరుగుతోంది. నేను చదివి చెప్పాను. చేట కింద పెట్టి అంతా విని, "పిలవడానికి మనిసి రావాల గానీ కాయితం వస్తాదేటి బాబూ?" అంది.

"నేను మనిషినే కదమ్మా, వచ్చాను కదా" అన్నాను.

"నువ్వు మనిసివే. నాకేటవుతావు?"

నేను కాగితం ముందుకి చాపాను. వేలిముద్ర వేసి, మళ్ళీ చేట అందుకుంది.

ఆవిడ కోర్టుకి రాలేదు. డిక్రీ అయింది. డిక్రీ కూడా కాగితమే కాబట్టి దానికీ వెళ్ళలేదు. రెండేళ్ళు గడిచాయి. రమ్మన్న డిక్రీ వచ్చాక కూడా రెండేళ్ళు రాకపోతే విడాకులు అడగొచ్చని ఆనాటి చట్టం. ఈయన అడిగాడు. ఈసారి పిటిషన్లో ఆయన వకీలు ఓ పేజీ దట్టించాడు. ఈమెకి వంట చేతకాదని, పొలం పని చెయ్యదని, నోరు పెద్దదని. విడాకులొచ్చేశాయి. అప్పీలు గడువు కూడా దాటిపోయింది. పిలవడానికి మనిషి రాకపోవడం అనే ఒక్క విషయం మీద పదకొండేళ్ళ కాపురం పూర్తిగా, చట్టబద్ధంగా తెగిపోయింది.

తమ్ముడి ఇంట్లో ఆవిడ పరిస్థితి ఏమిటో నాకు తర్వాత తెలిసింది. మరదలు చెడ్డది కాదు, తిట్టేది కాదు. అన్నం వడ్డించేటప్పుడు గరిటె ఒక్క క్షణం ఆగేది, అంతే. ఆ ఒక్క క్షణం రోజుకి రెండు పూటలు, ఏళ్ళ తరబడి చూడాలంటే ఎవరి వల్లా కాదు. ఆవిడ ఒకరోజు పొద్దున్నే బస్సెక్కి మా ఊరొచ్చి, కోర్టు ఎదురుగా కొత్తగా బోర్డు కట్టిన కుర్ర వకీలు దగ్గరకెళ్ళి, "నా తిండి నాకు ఇప్పించండి బాబూ" అంది.

అందరూ నవ్వారు. తెగిపోయాక మనోవర్తి ఏమిటి, అడిగేదేదో ముందే అడగాలి అన్నారు. మా నాజరు గారు, అంటే మా సర్వర్లందరి మీదా పెద్ద, ముక్కుపొడుం పట్టిస్తూ, "పాడె ఎత్తేశాక దింపుడు కళ్ళం దగ్గర కట్నం గురించి అడిగినట్టుంది" అన్నారు. ఆయనకి సందర్భశుద్ధి తక్కువ. కుర్ర వకీలు మాత్రం పుస్తకం తిరగేసి, విడాకుల తర్వాత ఎప్పుడైనా అడగొచ్చని తేల్చి, దరఖాస్తు పడేశాడు. దాని నోటీసు ఆ మాజీ మొగుడికి ఇవ్వడానికి మళ్ళీ నేనే.

పొలంలో గట్టు చెక్కుతున్నాడు. నన్ను చూడగానే, "మల్లీ ఏటి బాబూ? తెంపీసినారు కదా!" అన్నాడు. విషయం చెప్పాను. పార గట్టున పాతి, దాని మీద గడ్డం ఆనించి చాలాసేపు ఆలోచించాడు. "అయితే తెంపినాక గూడా నా బువ్వే తింటాదన్నమాట!" అన్నాడు. కోపంగా అన్నట్టు లేదు. ఎలా అన్నాడో నేను కోర్టుకి తిరిగిచ్చే రిటర్నులో రాయనక్కర్లేదు కాబట్టి వేలిముద్ర తీసుకుని వచ్చేశాను.

ఆయన తన వకీలు దగ్గరికి పరిగెత్తాడు. ఆ పెద్దమనిషి చట్టమంతా చెప్పి, చివర్లో, "ఆవిడ మళ్ళీ పెళ్ళి చేసుకుంటే మాత్రం నువ్వివ్వక్కర్లేదు" అన్నాడు. మిగతాదంతా గాలికి పోయింది. ఈ ఒక్క ముక్కా మనిషి బుర్రలో దిగబడిపోయింది.

మర్నాటి నుంచి ఆయన తన మాజీ పెళ్ళానికి సంబంధాలు చూడ్డం మొదలెట్టాడు.

నేను కల్పించడం లేదు. చీపురుపల్లి స్టేషను బయట టీ కొట్టు దగ్గర నేనే చూశాను. చంకలో గొడుగు, చేతిలో సంచీ, ఎవడో బియ్యం వర్తకుణ్ణి పట్టుకుని, "పెళ్ళాం పోయినోడు, నెమ్మదస్తుడు, తాగుడు నేనోడు ఎవుడైనా ఉంటే సెప్పు బావూ" అంటున్నాడు. ఆ ఇళ్ళలో మారుమనువుకి తప్పేమీ లేదు. నలుగురి ముందు మగవాడు చీర పెట్టడం, ఆవిడ అందుకోవడం, కలిసి బువ్వ తినడం, అంతే మనువు. కానీ పాత మొగుడే గొడుగు పట్టుకుని తిరగడం మాత్రం ఎవరూ ఎరగరు. పాతపట్నం దాకా వెళ్ళొచ్చాడట. రెండు గంటల దూరం నడవలేని మనిషి!

ఇక నా తెలివితక్కువతనం దగ్గరికి వస్తాను. ఆవిడ పుట్టిన ఊళ్ళో వేరే ఎవరిదో పొలం తగాదా. ఆ మనిషి ఇంట్లో లేడు, తలుపుకి తాళం. అలాంటప్పుడు సమన్లు తలుపుకి అంటించి, ఊరివాళ్ళిద్దరి చేత సాక్షి సంతకాలు పెట్టించుకోవాలి. అంటించాను. సాక్షులకోసం చూస్తే వీధిలో పిల్లి లేదు. అందరూ ఆవిడ తమ్ముడి ఇంట్లో ఉన్నారని ఓ ముసలమ్మ చెప్పింది. వెళ్ళాను.

చావిట్లో చాప మీద యాభై ఏళ్ళ మనిషి కూర్చున్నాడు, తెల్ల పంచె, మెడలో తువ్వాలు, బితుకు బితుకు మంటూ. పాతపట్నం అవతల ఊరివాడు, మాటలో ఒరియా యాస. ఆయన పక్కన, పెళ్ళికొడుకు తరపు పెద్దగా, మాజీ మొగుడు! తీసుకెళ్ళడానికి ఇన్నేళ్ళూ ఆ గడప తొక్కని మనిషి, ఇంకొకడికి ఇప్పించడానికి వచ్చి మఠం వేసుక్కూర్చున్నాడు. చుట్టంతో కూడా వచ్చినవాణ్ణి పొమ్మనలేక బావమరిది గుంజకి ఆనుకుని పళ్ళు నూరుకుంటున్నాడు. మరదలు మాత్రం ముఖం చేటంత చేసుకుని తిరుగుతోంది.

నన్ను కూడా కూర్చోబెట్టారు. ఎనిమిది మైళ్ళు సైకిలు తొక్కి వచ్చానేమో, పనసకాయ కూర వాసనకి నా కాళ్ళు వాటంతటవే మడతపడిపోయాయి. వడ్డించింది ఆవిడే. అందరికీ వడ్డించి, మాజీ మొగుడి ఆకు దగ్గరికి వచ్చి, అంతమందిలోనూ, "కూర సాలిందా?" అంది. ఆయన తలెత్తలేదు. ఆకులో మెతుకు మిగల్లేదు.

నేను రెండోసారి కూర వేయించుకుంటుండగా ఆయన ఒక కాగితం తీసుకుని నా పక్కకి జరిగాడు. "గవర్నమెంటోరు, తమరు దీని మీద సాచ్చి పెట్టండి బాబూ."

"నాకూ రెండు సాక్షి సంతకాలు కావాలి" అన్నాను.

"దానికేటి, నా పక్కనున్నోల్లిద్దరూ పెడతారు."

బేరం కుదిరింది. వాళ్ళు నా కాగితం మీద పెట్టారు, నేను ఎడమచేత్తో పెన్ను మూత తీసి, కూర అంటని రెండు వేళ్ళతో వాళ్ళ కాగితం మీద పెట్టాను. చదవలేదు. ఊరందరి దగ్గరా సంతకాలు తీసుకుని తిరిగేవాణ్ణి, నన్నొకరు సంతకం అడగడం నాకు కొంత గౌరవంగా కూడా అనిపించింది. చేతులు కడుక్కుని సైకిలెక్కాను.

మూడు వారాల తర్వాత నాజరు గారు పిలిచి, ఒక సమన్లు నా చేతిలో పెట్టారు. ఎవరిదో చూద్దును కదా, నా పేరు! మనోవర్తి కేసులో మాజీ మొగుడి తరపు సాక్షిని నేను. "ఏమోయ్, నీకు నువ్వే ఇచ్చుకుని, నీ దగ్గర నువ్వే సంతకం తీసుకో" అన్నారు ఆయన. అప్పుడు తెలిసింది ఆ కాగితంలో ఏముందో. 'ఈ దినం పెద్దల సమక్షంలో ఫలానా ఆమెకు చీర పెట్టి, బువ్వ తిని, మారుమనువు జరిగినది.' కింద నా సంతకం, కొంచెం పనసకాయ కూర నూనె.

ఆ రాత్రి నాకు నిద్ర లేదు. నా ఉద్యోగం గురించి భయం ఒకటి. ఇంకోటి, ఆవిడ నోటి దగ్గర కూడు నేను రెండు ముద్దల కూరకి అమ్మేశానే అని సిగ్గు. ఈ మాట మా ఇంట్లో కూడా ఎప్పుడూ చెప్పలేదు, ఇప్పుడు చెప్తున్నాను.

వాయిదా రోజున కోర్టు హాలు కిక్కిరిసిపోయింది. రోజూ బోనులో వాళ్ళని చూస్తూ గుమ్మం దగ్గర నిలబడేవాణ్ణి, ఆ రోజు బోనులోంచి గుమ్మాన్ని చూశాను. మాజీ మొగుడి వకీలు నా సంతకం చూపించి, నీదేనా అన్నాడు. నాదే అన్నాను. ఆయన విజయగర్వంతో కూర్చున్నాడు. అప్పుడు ఆవిడ తరపు కుర్ర వకీలు లేచాడు.

"మీ ఉద్యోగం ఏమిటండీ?"

"కాగితాలు ఇచ్చి సంతకాలు తీసుకోవడం."

"తీసుకునే ముందు వాళ్ళతో ఏం చెప్తారు?"

జడ్జి గారు కళ్ళజోడు పైనుంచి చూశారు. "చదివి సంతకం పెట్టండి అని చెప్తానండీ" అన్నాను.

హాలు గొల్లుమంది. "మీరు చదివారా?"

"లేదండీ."

"చీర పెట్టడం చూశారా?"

"నేను ఆకు వైపు చూస్తున్నానండీ."

జడ్జి గారు కూడా నవ్వు దాచుకోడానికి కాగితాలు సర్దుకున్నారు. తర్వాత, నువ్వు దిగు, నీ సంగతి తర్వాత చూస్తాను అన్నారు. చూశారు కూడా. ఒక ఇంక్రిమెంటు ఆగింది.

నా సాక్ష్యం తేలిపోయేసరికి కుర్ర వకీలు ఆ పాతపట్నం పెళ్ళికొడుకునే బోనెక్కించాడు. ఆయన ప్రతి ప్రశ్నకీ ముందు చేతులు జోడించి "ఆగ్యా" అనేవాడు, మనం చిత్తం అన్నట్టు.

"మనువు జరిగిందా?"

"ఆగ్యా, జరగనేదు బాబూ. సీర ఈ గొడుగు బావే కొని తెచ్చినాడు. ఆమి ముట్టుకోనేదు. బువ్వ తిన్నాం, వచ్చీసినాం."

అక్కడితో ఆగితే సరిపోయేది. కానీ మాజీ మొగుడి వకీలు ఊరుకోలేదు. మనువు జరక్కపోయినా, ఆవిడ నడవడి బాగాలేదు కాబట్టి మనోవర్తికి అర్హురాలు కాదని వాదన తిప్పాడు. ఆ విడాకుల పిటిషన్లోని పేజీ తీసి చదివాడు. వంట చేతకాదు, పొలం పని చెయ్యదు, నోరు పెద్దది. చదివి, పెళ్ళికొడుకు వైపు తిరిగి, "ఇలాంటి మనిషిని చేసుకోడానికి అంత దూరం నుంచి ఎందుకొచ్చావయ్యా?" అన్నాడు. అడక్కుండా ఉండాల్సింది.

"ఆగ్యా, నాకలాగ సెప్పనేదు బాబూ" అన్నాడు పెళ్ళికొడుకు. "ఈ బావు నాకు వేరేగా సెప్పినాడు."

"ఏం చెప్పాడు?" ఈసారి అడిగింది జడ్జి గారు.

"ఆమి అంబలి కాసినా ఇంకోపాలి ఎయ్యమనాలనుంటాదని సెప్పినాడు బాబూ. ఊడుపుకి దిగితే తాడు పట్టి నాటినట్టుంటాదని సెప్పినాడు. పదకొండేల్లు ఎవుల మీదా గొంతెత్తనేదంట. ఓపాలి ఈ బావుకి జొరమొచ్చి తెలివి తప్పిపోతే మూడు రాత్రులు మంచం కోడు ఇడవనేదంట. నువ్వు పున్నెం సేసుకుంటే గానీ దొరకదు, ఇంకెవుడో తన్నుకుపోతాడు, బేగి రా అన్నాడు. అందుకే వచ్చినాను."

హాలులో ఎవరూ నవ్వలేదు. జడ్జి గారు మాజీ మొగుణ్ణి ముందుకి రమ్మన్నారు. ఆయన గొడుగు చంకలో పెట్టుకునే వచ్చాడు.

"ఈమెకి వంట చేతకాదని నువ్వే కదా పిటిషన్లో ప్రమాణం చేసి రాయించావు?"

"అది వకీలు బాబు రాసినాడండి. నాను వేలిముద్ర ఏసినాను."

"మరి ఈయనతో చెప్పింది ఎవరు?"

"నానే సెప్పినాను బాబూ."

"రెండిట్లో ఏది నిజం?"

వకీలు వెనకనుంచి ఆయన చొక్కా కొస పట్టి లాగుతున్నాడు. ఆయన ఆ చెయ్యి విదిలించుకున్నాడు. "ఈనతో సెప్పిందే నిజం బాబూ. కోర్టుకైతే ఏదో సెప్తాం. అవతలోడి కొంపకి మనిసిని పంపిస్తన్నాం, మనువు కాడ అబద్దమాడితే పాపం కాదేటి?" అన్నాడు, తనని ఇంత చిన్న విషయం అడిగినందుకు ఆశ్చర్యపోతూ.

జడ్జి గారు అది రాసుకున్నారు. ఆవిడ నిలబడింది. ఎవరూ పిలవలేదు, ఆమె వకీలు కూడా కూర్చోమని సైగ చేశాడు. కూర్చోలేదు.

"బాబూ, ఈ మాట్లు ఒక్కటైనా నాతో అన్నాడేటో అడగండి. పదకొండేల్లలో ఒక్కపాలి."

జడ్జి గారు అడగలేదు. అడగక్కర్లేకపోయింది. మాజీ మొగుడు నేల చూపులు చూస్తున్నాడు. "ఇంట్లోదానితో అయ్యన్నీ సెప్పుకుంటారేటి బాబూ" అన్నాడు, ఎవరికీ వినపడనట్టు. బోను దిగి పక్కనే నిలబడ్డ నాకు వినపడింది.

ఆ వారంలోనే ఉత్తర్వు వచ్చింది. మనువు జరగలేదు, నడవడి గురించి ప్రతివాది నోటితోనే రుజువైంది, కాబట్టి ఆమె మళ్ళీ పెళ్ళాడనంత కాలం, ఒక మనిషికి రెండు పూటలా తిండికీ బట్టకీ సరిపడా నెలనెలా ఇమ్మని. పెళ్ళికొడుకు ఆ రోజే పాతపట్నం బస్సెక్కాడు. ఎక్కే ముందు ఆవిడ దగ్గరికెళ్ళి, మళ్ళీ రమ్మంటారా అన్నట్టు నిలబడ్డాడు. "ఇప్పుడు నాకు బువ్వుంది బావూ. ఎల్లిరండి" అందావిడ, మర్యాదగానే.

నాజరు గారు ఆయన రిటైరయ్యేదాకా, నేను ఏ కాగితం తెచ్చినా, "చదివావా, కూరేనా?" అనేవారు. పోనివ్వండి.

నెలా పదిహేను రోజులకి ఆవిడ మళ్ళీ కోర్టుకి వచ్చింది. నకళ్ళు ఇచ్చే గది దగ్గర నిలబడి ఉంటే నేనే పలకరించాను. సాక్ష్యం సంగతికి సిగ్గుపడుతూ, "ఉత్తర్వు నకలుకా అమ్మా?" అన్నాను.

"అది మా తమ్ముడు తీసుకెల్లీసినాడు. నాను ఆ పాతపట్నం బావు సెప్పింది తీసుకోడానికొచ్చినాను. అది గూడా రాసినారు కదేటి?"

రాశారు. సాక్ష్యాలన్నీ రాస్తారు. నకలు అప్పుడే చేతికి వచ్చింది, స్టాంపు సిరా ఇంకా ఆరలేదు. ఇన్నాళ్ళూ నేను ఇచ్చిన ఏ కాగితాన్నీ లెక్కచెయ్యని మనిషి దాన్ని రెండు చేతుల్తో పట్టుకుంది. తనకి చదువు రాదు, కాస్త చదివి పెట్టమంది.

వరండాలో బల్ల చివర కూర్చుని చదివాను. సాక్షి వయసు, ఊరు, వృత్తి దగ్గర ఆవిడ చెయ్యి అడ్డం ఊపింది, అవి వద్దని. అంబలి దగ్గర నుంచి చదివాను. కోర్టు భాషలో ఆ మాటలు ఎండిపోయి ఉన్నాయి, 'ఆమె అంబలి రుచికరముగా కాచునని ప్రతివాది తనతో చెప్పినట్లు' అని. నేను ఆ 'నట్లు'లు తీసేసి, ఆయన చెప్పినట్టే చెప్పాను. ఊడుపు అయింది. గొంతెత్తకపోవడం అయింది. జ్వరం దగ్గరికి వచ్చేసరికి ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మూడు రాత్రులనే సెప్పినాడా?"

"మూడు రాత్రులనే ఉందమ్మా."

"నాలుగు" అంది. "నాలుగోది ఆయనకి తెలీదు, అప్పటికి నిద్దరట్టీసింది."

బజారు వైపు నుంచి ఆవిడ ఊరి బస్సు హారను వినపడింది. బస్సొచ్చిందమ్మా, ఇక లే అన్నాను. లేవలేదు.

"పోతే పోనీ బాబూ, ఇంకోటొస్తాది. మొదట్నించి సదువు."